ఉటంకింపులో ఎవరి పేరు ఎక్కడుంది?

చెల్లీ,

నీ థీసిస్ ఉపయుక్త గ్రంథసూచిలో స్త్రీల పేర్లు సగం దాకా ఉన్నాయని రాశావు. ఆ లెక్క అవసరమే గానీ దాన్నే నమ్ముకోకు. మన దగ్గర పేరు చూసి ఆడా మగా తేల్చలేం. వారపత్రికల నవలల రోజుల్లో ఆడపేరుతో రాసిన మగవాళ్లున్నారు. బీనాదేవి అంటే భార్యాభర్తలిద్దరికీ కలిపి పెట్టుకున్న కలంపేరు.

లెక్కయ్యాక ఒక అధ్యాయం ప్రింటు తీసి రెండు రంగుల పెన్నులు పట్టుకో. వాదన నడిపిస్తున్న పేరుకు ఒక రంగు, ఉదాహరణగానో, పాదసూచికలో ‘వివరాలకు చూ.’ దగ్గరో వచ్చిన పేరుకు ఇంకో రంగు. చాలా థీసిస్‌లలో సిద్ధాంతమంతా మగవాళ్లది, ఉదాహరణలన్నీ ఆడవాళ్లవి. స్త్రీవాద రచయిత్రి ఓల్గా కథలోంచి పేరా ఎత్తిరాస్తారు, దాని అర్థం చెప్పడానికి మాత్రం ఎవరో విమర్శకుణ్ణి పిలుస్తారు. ఆవిడ వ్యాసాలు కూడా రాశారు కదా! పనిలో పనిగా, స్త్రీల పేర్ల ముందు మాత్రమే తగిలించిన ‘శ్రీమతి’ కొట్టేయి.

మౌఖిక చరిత్రతో, అంటే మనుషులు నోటితో చెప్పగా రాసుకున్న చరిత్రతో, ఎక్కువ జాగ్రత్త కావాలి. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన అనే బృందం సేకరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లోంచి, ఆ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం మాటలు తీసుకుని, బ్రాకెట్లో ‘స్త్రీశక్తి సంఘటన, 1986’ అని వదిలేస్తే, చెప్పిన మనిషి మాయమవుతుంది. మాట ఆవిడది కాబట్టి వాక్యంలో ఆవిడ పేరే రాయి. సూచిలో ‘మల్లు స్వరాజ్యం’ అని విడిగా ఒక పద్దు వేసి, ఏ పుస్తకంలో, ఏ పేజీల్లో ఉందో చెప్పు. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: బృందం పేరు తీసేసి, అందులో పేరున్న ఒకరినే రచయితగా నిలబెట్టడం. కలిసి చేసిన పనిని కలిసి చేసినట్టే చూపించాలి.

సంకలనాలదీ ఇదే గొడవ. దళిత స్త్రీల రచనల సంకలనం ‘నల్లపొద్దు’ (2003) సంపాదకురాలు గోగు శ్యామల. లోపలి రచన ఎవరిదైతే ముందు వాళ్ల పేరు, తర్వాత సంపాదకురాలి పేరు.

పాత గ్రంథాన్ని సరిచూసి అచ్చుకు సిద్ధం చేసే పరిష్కర్తల పేర్లు ఇంకా తేలిగ్గా జారిపోతాయి. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ 1887 ప్రతిలో పీఠిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. తంజనాయకి మొదలైన తన ఇంటి ఆడవాళ్ల గురించి కవయిత్రి చెప్పుకున్నది ఆ పీఠికలోనే. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ వాటిని చేర్చి అచ్చు వేయించింది. అచ్చువేసిన ప్రెస్సు పేరుతో ‘వావిళ్ల ప్రతి’ అని రాసి ఊరుకుంటే నాగరత్నమ్మ శ్రమంతా ప్రెస్సు ఖాతాలో పడుతుంది. చేతిలో ఉన్నది తర్వాతి ముద్రణయితే ఆ సంవత్సరమే వేయి. పక్కన ‘పరిష్కర్త: బెంగుళూరు నాగరత్నమ్మ, ఈ పరిష్కరణ తొలి ముద్రణ 1910’ అని చేర్చు.

రేపు పాఠం చెప్పేటప్పుడు స్త్రీలను ‘స్త్రీవాదం’ యూనిట్‌కే పరిమితం చేయకు. కథానిక యూనిట్‌లో గురజాడ ‘దిద్దుబాటు’ (1910) పక్కనే భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ (1902) పెట్టు. వీటిలో తొలి తెలుగు కథ ఏదో నువ్వు చెప్పొద్దు. ఎవరు ఏ కొలతతో దేన్ని తొలి కథ అన్నారో పిల్లల్నే వెతికి, పేర్లతో సహా రాసుకు రమ్మను.

ఉంటాను,
అక్క