ఫ్యాన్ 4 మీద మాత్రమే తిరుగుతోందా? ‘డైరెక్ట్’ మాత్రం చేయించకండి

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలను ఈసారి పక్కన పెడుతున్నాను. కారు ఫ్యాన్ గురించి ఒకే రకం ఉత్తరాలు ఆగకుండా వస్తున్నాయి. వాటిలో చాలామందికి మెకానిక్ చెప్పిన సలహా ప్రమాదకరమైనది కావడమే ఇందుకు కారణం.

“సార్, మా కారులో ఏసీ ఫ్యాన్ 1, 2, 3 మీద అసలు తిరగడం లేదు. 4 మీద పెడితే హోరుమంటోంది. డిసెంబరులో లంబసింగి వెళ్లినప్పుడు హీటర్‌కీ ఇదే పరిస్థితి. రెసిస్టెన్స్ పోయింది, కొత్తదెందుకు, డైరెక్ట్ చేసేస్తానని మెకానిక్ అంటున్నాడు. చేయించుకోవచ్చా?” – అరండల్‌పేట, గుంటూరు

వద్దు. మీరు రాసిన లక్షణాన్ని బట్టి మెకానిక్ లోపాన్ని సరిగ్గానే పట్టుకున్నాడు. చెప్పిన వైద్యమే తప్పు.

ఏసీకైనా హీటర్‌కైనా గాలి కొట్టే బ్లోయర్ ఒకటే. నాబ్ ఉన్న కార్లలో చాలావాటికి తక్కువ వేగాల్లో కరెంటు రెసిస్టర్ (మీ మెకానిక్ అన్న రెసిస్టెన్స్) గుండా వెళ్తుంది. అందులో చుట్టలు చుట్టిన తీగలు మోటార్‌కు వెళ్లే కరెంటును తగ్గిస్తాయి, ఆ క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. చివరి వేగానికి ఆ తీగలతో పని లేదు, కరెంటు నేరుగా మోటార్‌కు వెళ్తుంది. అందుకే రెసిస్టర్ తెగినా 4 బతికే ఉంటుంది. 1, 2, 3 అన్నీ ఒకేసారి పోయాయంటే ఎక్కువగా రెసిస్టర్‌లోని థర్మల్ ఫ్యూజ్, అంటే వేడి మితిమీరితే తెగిపోయే ఫ్యూజ్, తెగి ఉంటుంది. మధ్యలో ఒక్క వేగమే లేకపోతే ఒక చుట్టనో, నాబ్ వెనకున్న స్విచ్‌నో అనుమానించాలి. 4 ఒక్కటే లేకపోతే ఆ వేగానికి కరెంటు కలిపే రిలే చూడాలి. అసలేదీ లేకపోతే ఫ్యూజ్, ఎర్త్, మోటార్.

ఇప్పుడు ‘డైరెక్ట్’ సంగతి. ఇది రెండు రకాలుగా చేస్తారు. బ్యాటరీ నుంచి మోటార్‌కు విడిగా వైరు లాగడం ఒకటి. దారిలో ఫ్యూజ్ పెట్టకపోతే ఆ వైరు ఎక్కడ ఒరుసుకున్నా మంటే. తెగిన థర్మల్ ఫ్యూజ్ స్థానంలో చిన్న వైరు ముక్క అతికించడం రెండోది. నాకు ఎక్కువ భయం ఈ రెండో దానితోనే. ఎందుకంటే అన్ని వేగాలూ తిరిగి వస్తాయి, కారు బాగైపోయిందనే అనిపిస్తుంది.

లెక్క చూడండి. మొదటి వేగంలో రెసిస్టర్ 2 ఓమ్‌లు అనుకుందాం. ఫ్యాన్ మామూలుగా తిరిగేటప్పుడు అది 25, 30 వాట్ల వేడి పుట్టించవచ్చు. అంటే ఇంట్లో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ ప్లాస్టిక్ గొట్టంలో వెలుగుతున్నట్టే. అయినా ఏమీ కాదు, ఎందుకంటే రెసిస్టర్‌ను పెట్టేదే ఫ్యాన్ గాలి తగిలే చోట. ఫ్యాన్ తన గాలితోనే దాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. వైపర్ల కింది జాలీలోంచి ఎండుటాకులు జారిపడి, లేదా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుక గుడ్డపేలికలు తెచ్చి పెట్టి, మోటార్ బిగుసుకుపోయిందనుకోండి. అప్పుడు 12 వోల్టుల్లో దాదాపు అంతా రెసిస్టర్ మీదే పడుతుంది. కరెంటు 6 ఆంపియర్లకు దగ్గరగా, వేడి 60, 70 వాట్ల దాకా. చల్లబరచే గాలి మాత్రం సున్నా.

అప్పుడు ఫ్యూజ్ బాక్సులోని ఫ్యూజ్ కాపాడుతుందని చాలామంది ధీమా. కాపాడదు. ఫ్యాన్‌కు పెట్టేది సాధారణంగా 30 ఆంపియర్ల ఫ్యూజ్. దాని లెక్కలో 6 ఆంపియర్లు చాలా చిన్న సంగతి, తెగనే తెగదు. ఆ సమయంలో ప్రమాదాన్ని గుర్తించగలిగేది వేడికి తెగే థర్మల్ ఫ్యూజ్ ఒక్కటే. మీరు వైరు ముక్కతో తీసేయించేది సరిగ్గా దాన్నే. పక్కనే కాగితపు ఫిల్టర్, ఎండుటాకులు, ప్లాస్టిక్. ముందు సీట్లో పిల్లలు. ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పి బిగించేవాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దని బతిమాలి చెబుతున్నాను.

కొత్త రెసిస్టర్ పెద్ద ఖర్చు కాదు. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు ఎడమవైపు, గ్లవ్ బాక్స్ వెనక రెండు స్క్రూలతో ఉంటుంది. కొనేముందు పాతదాన్ని పట్టుకెళ్లి పిన్నులు సరిచూసుకోండి. అయితే కొత్తది పెట్టి ఊరుకుంటే అది కూడా కాలిపోవచ్చు. థర్మల్ ఫ్యూజ్ ఊరికే తెగదు, ఎందుకు తెగిందో చూడాలి. బ్యాటరీ తీగ తీసి మోటార్‌ను చేత్తో తిప్పండి. పట్టుగా ఉన్నా, కీచుమన్నా బేరింగ్ అరిగింది. అలాంటి మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఏసీ ఫిల్టర్ తీసి చూడండి. మిర్చి యార్డు చుట్టుపక్కల తిరిగే బండ్లలో అది దుమ్ముతో గట్టిపడిపోతుంది, రెసిస్టర్‌కు గాలి అందదు. రెసిస్టర్‌కు కరెంటు తెచ్చే ప్లగ్ పసుపు లేదా నలుపు రంగుకు తిరిగితే లోపలి పిన్ను వదులైందని అర్థం. దాన్ని కూడా అదే మందం వైరుతో మార్చాలి. ఈ ప్లగ్‌ను పట్టించుకోకపోవడం వల్లే రెండోసారి, మూడోసారి రెసిస్టర్ మార్చేవాళ్లు ఉన్నారు.

“సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నాను. ఫ్యాన్ 3 మీద పనిచేయదు, మిగతా వేగాల్లో మూలుగుతోంది. 2024 వరదలో మునిగిన బండని తర్వాత తెలిసింది. రెసిస్టర్ మారిస్తే చాలా?” – సింగ్‌నగర్, విజయవాడ

చాలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మీ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. బ్లోయర్ ఉండేది కాళ్ల దగ్గర. ఆ బురదనీళ్లు మోటార్ బేరింగ్‌లోకీ ప్లగ్గుల్లోకీ వెళ్లే ఉంటాయి. మూలుగు దానిదే. మోటార్, రెసిస్టర్, ప్లగ్ మూడూ కలిపి మార్చండి, ఎర్త్ బోల్టు తుప్పు గీకించండి.

కానీ మీ విషయంలో ఫ్యాన్ కంటే ముందు చూడాల్సింది ఎయిర్‌బ్యాగ్. దాన్ని నడిపే కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేర్ లివర్ దగ్గర, నేలకు ఆనుకునే ఉంటుంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా వెంటనే స్కాన్ చేయించండి. లైటు కనబడకుండా బల్బు పీకేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. మునిగిన బండిని ఆ మాట చెప్పకుండా అమ్మడం మోసమే.

“మాది టచ్ స్క్రీన్ కారు. తాళం తీసినా ఫ్యాన్ ఆగడం లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే పోతుందా?” – భవానీపురం, విజయవాడ

పోయే అవకాశం తక్కువ. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో చుట్టల రెసిస్టర్ బదులు ఫ్యాన్ వేగాన్ని ఎలక్ట్రానిక్‌గా మార్చే ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది. అది షార్టయితే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉండవచ్చు. మాడ్యూల్ మార్చేదాకా రాత్రిపూట ఫ్యాన్ ఫ్యూజ్ తీసి ఉంచండి, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. కిందటి అప్‌డేట్ తర్వాత ఫ్యాన్ బటన్ మెనూ లోపలికి వెళ్లిపోయిందని, మూడుసార్లు నొక్కితేగానీ రావడం లేదని రాశారు. ఇది చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. వానలో వారధి మీద వెళ్తుంటే ముందద్దానికి ఆవిరి పడుతుంది. ఏసీ వేసి, ఫ్యాన్ పెంచి, గాలిని అద్దం మీదికి మళ్లించాలి. చేతికి తగిలే నాబ్ ఉంటే రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే ఆ పని అయిపోతుంది. నున్నటి గాజు తెర మీద చూడకుండా వేలు పెట్టడం ఎవరివల్లా కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తెర చూస్తే బండి 33 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. 2026 నుంచి కార్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటివాటికి విడి మీటలు ఉన్న కార్లకే పూర్తి మార్కులు ఇస్తోంది. మంచి పని. ముందద్దం ఆవిరి తీయడానికి కూడా ప్రతి కారులో విడి బటన్ ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. అద్దం కనబడకపోతే ఇండికేటర్ వేసి ఏం లాభం?

ఈలోగా సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ పెట్టుకునే వీలుంటే ఫ్యాన్‌నూ ముందద్దం బొమ్మనూ మొదటి తెర మీదికి తెచ్చుకోండి. స్టీరింగ్ మీద వాయిస్ బటన్ ఉంటే ఫ్యాన్ పెంచమని చెప్పి చూడండి. కొన్ని కార్లలో అది పనిచేస్తుంది. రెండూ లేకపోతే వాన వచ్చేలా ఉన్నప్పుడు బండి కదలకముందే గాలిని అద్దం మీదికి పెట్టుకుని బయల్దేరండి. సర్వీస్‌కు ఇచ్చినప్పుడు బటన్ మార్చిన సంగతి ఫిర్యాదుగా జాబ్ కార్డులో రాయించి, కాపీ తీసుకోండి.