జాతి కుక్కలు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల రాజపాళయం జాతి ఆడకుక్క ఉంది. నిరుడు చెన్నైలో జరిగిన ప్రదర్శనలో తన తరగతిలో మొదటి బహుమతి తెచ్చుకుంది. ఆ ఉత్సాహంతో, పలుచోట్ల నెగ్గిన ఒక మగకుక్కతో దాటించాము. ఆరు పిల్లలు పుట్టాయి. ఐదు వారాలు నిండేసరికి వాటిలో ఒకదానికి అసలు వినబడడం లేదని తేలింది. “తెల్ల కుక్కల్లో ఇది మామూలే, ఎవరికీ చెప్పకుండా అమ్మేయండి, వచ్చే ఏడు మళ్లీ అదే జోడీ కట్టండి” అని తెలిసినవారు అంటున్నారు. మాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముందుగా మీ కుక్క గెలిచినందుకు అభినందనలు. కూనగా ఉన్నప్పటి నుంచి మన చేతుల్లో పెరిగిన జీవి రింగులో తలెత్తుకుని నడుస్తుంటే కలిగే సంతోషం, లక్షలు పోసి కొన్న ఛాంపియన్‌ను నడిపిస్తే రాదు. అయితే ఆ రింగులో న్యాయనిర్ణేత నడకను, పళ్ల అమరికను, ఛాతీ లోతును, పాలవంటి తెలుపును, గులాబీరంగు ముక్కును చూడగలడే గానీ వినికిడిని కొలవలేడు. ఒక చెవి పూర్తిగా పోయిన కుక్క కూడా బహుమతి కొట్టగలదు, పది కాన్పులకు తండ్రీ కాగలదు.

లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే కణాలు బతకాలంటే వాటి పక్కన రంగునిచ్చే కణాలు ఉండి తీరాలి. ఒంటికి తెలుపునిచ్చే జన్యువుల ప్రభావం వల్ల కొన్ని పిల్లల్లో ఆ రంగుకణాలు చెవిదాకా చేరవు. అప్పుడు పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి కణాలు నశిస్తాయి, ఇక తిరిగి రావు. దీనికి మందు లేదు. డాల్మేషియన్లలోనూ, తెల్ల బుల్ టెర్రియర్లలోనూ కనిపించే బాధ ఇదే. తమిళనాడులో తెలుగు మాట్లాడే రాజులకు పేరుపడిన రాజపాళయం నుంచి వచ్చి, 2005లో తపాలా బిళ్ల మీదికి కూడా ఎక్కిన మన కుక్కనూ ఇది వదలలేదు. తరతరాలుగా రంగు కోసం పడిన ఆరాటంలో సగమైనా చెవి కోసం పడి ఉంటే ఈ జాతి పరిస్థితి మెరుగ్గా ఉండేదని నా అభిప్రాయం.

ఇప్పుడు మిగిలిన ఐదింటి సంగతి చూడాలి. పళ్లెం చప్పుడుకు పరుగెత్తుకొచ్చినంత మాత్రాన పిల్లకు వినబడుతున్నట్టు కాదు, తోబుట్టువులు లేవడం చూసి అదీ లేస్తుంది. ఒక్కో పిల్లనూ వేరే గదికి తీసుకెళ్లి, నిద్రపోతున్నప్పుడు, గాలిగానీ నేల అదురుగానీ తగలకుండా దూరం నుంచి తాళంచెవులు ఆడించి చూడండి. ఆటలో మరీ గట్టిగా కరిచే పిల్లను అనుమానించండి. అవతలి పిల్ల కుయ్యోమన్నా దానికి వినబడకపోవచ్చు. ఈ పద్ధతులన్నీ రెండు చెవులూ పోయినదాన్నే పట్టిస్తాయి. ఒక్క చెవి లోపం తేలాలంటే పసిపిల్లలకు చేసే బేరా పరీక్షే (చప్పుడుకు మెదడు స్పందనను యంత్రంతో కొలిచేది) కుక్కపిల్లలకూ చేయించాలి. అది అన్నిచోట్లా దొరకదు కాబట్టి ముందు దగ్గరలోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో వాకబు చేయండి. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను ఎలాగూ అమ్మకూడదు గనుక మీకు వ్యవధి ఉంది.

అదే జోడీని మాత్రం మళ్లీ కట్టకండి. ఏడాదికి ఒక్క కాన్పు మించకుంటే చట్టానికి అభ్యంతరం ఉండకపోవచ్చు, కానీ ఈ లోపం తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ సంక్రమిస్తుంది, ఇద్దరూ చక్కగా వినేవే అయినా పిల్లల్లో బయటపడవచ్చు. ఇకమీదట దాటించే ముందు మీ కుక్కకూ బేరా చేయించండి. మగకుక్క యజమానికి జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆయన నొచ్చుకోవచ్చు, కానీ అదే కుక్క దగ్గరికి రేపు ఇంకొకరు రాబోతున్నారు. పిల్లలను కొనేవారికీ ఈ సంగతి కాగితం మీద రాసి ఇవ్వండి.

చెవిటి పిల్లను అమ్మకానికి పెట్టకుండా మీరే ఉంచుకోవడం గానీ, అంతా తెలిసి ఇష్టపడినవారికి ఊరికే ఇవ్వడం గానీ మంచిది. వయసు వచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. చేతి సైగలతో అది అన్నీ నేర్చుకుంటుంది. గొలుసు లేకుండా వీధిలోకి వదలకండి, నిద్రలో ఉన్నప్పుడు హఠాత్తుగా తాకకండి. పక్కన నేలను తట్టి లేపండి.

ప్రశ్న: మా లాబ్రడార్ మగపిల్లకు ఎనిమిది నెలలు. ఒక వృషణమే కిందికి దిగింది. ప్రదర్శనకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పనికిరాదు. రెండూ దిగి ఉండాలన్నది మగకుక్కలన్నింటికీ వర్తించే ప్రమాణం. ఈ వయసు దాటాక రెండోది దిగుతుందన్న ఆశ దాదాపు లేదు. లోపల ఉండిపోయిన వృషణానికి క్యాన్సర్ ముప్పు ఎక్కువ, పైగా లోపం సంతానానికీ పోతుంది. కాబట్టి జత కట్టించకుండా, మీ డాక్టరుగారు సూచించిన వయసులో రెండింటినీ తీయించేయండి. పిల్లను అమ్మినవారికి కూడా తెలియజేయండి.