డబ్బా రాజ్మా, శనగలు చప్పగా ఉంటే ఏం చేయాలి?

డబ్బాలో నీళ్లు వంపేసి, గింజల్ని కడిగి, బాగా వేయించిన పోపు మసాలాలో 10–15 నిమిషాలు సన్నసెగ మీద ఉడకనిస్తే రుచి వస్తుంది.

డబ్బాకు సీలు వేశాక ఉప్పునీళ్లలోనే గింజల్ని ఉడికించేస్తారు. అందుకే మెత్తగా ఉంటాయి కానీ, లోపలికి ఉప్పు తప్ప ఇంకే రుచీ పట్టదు. ఆ జిగురు నీళ్లలో పిండి, ఉప్పు, కాస్త డబ్బా వాసన ఉంటాయి. కడిగితే ఉప్పు సుమారు 40 శాతం తగ్గుతుంది, కాబట్టి మళ్లీ రుచి చూసి వేసుకోవాలి.

ఒడిశాలో బరంపురం, రాయగడ వైపు మన ఇళ్లలో పంచఫుటణ (అయిదు రకాల పోపు గింజల మిశ్రమం) ఎలాగూ ఉంటుంది. నూనెలో అది చిటపటలాడాక ఎండుమిర్చి, ఉల్లి, అల్లం వెల్లుల్లి వేసి పచ్చివాసన పోయేదాకా వేయించండి (ఇక్కడ తొందరపడితే మిగతాదంతా దండగ). శనగలు, అర గ్లాసు నీళ్లు పోసి, గుప్పెడు గింజల్ని గరిటెతో మెదిపితే గ్రేవీ దానంతటదే చిక్కబడుతుంది.

చాలామంది వీటిని మళ్లీ కుక్కర్‌లో పెడతారు. అక్కర్లేదు, తొక్కలూడి ముద్దవుతాయి. చింతపండు ముందే వేస్తే గింజ ఉడకదన్న మాట పచ్చి గింజల విషయంలో నిజమే. ఇవి ఉడికినవే కాబట్టి పులుపు ఎప్పుడు వేసినా ఫర్వాలేదు.