గ్రామర్ గైడు కాసేపు మూసి, పేరా చదివించండి

ప్రశ్న: మా అమ్మాయి ప్రకాశం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. సమ్మేటివ్ పరీక్షలో లెక్కల్లోనూ సైన్సులోనూ డెబ్బై దాటాయి కానీ ఇంగ్లిష్‌లో 41 మార్కులే వచ్చాయి. గ్రామర్ గైడు కొనిచ్చాం. రోజూ రాత్రి అందులోని సూత్రాలు బట్టీ పడుతోంది. ఫలితం కనబడటం లేదు. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్పించమని చుట్టుపక్కల వాళ్లు అంటున్నారు. నేను ఏడో తరగతితో ఆపేశాను, నాకు ఇంగ్లిష్ రాదు. మార్చిలో పరీక్షలు. తనకు పాలిటెక్నిక్ చదవాలని ఉంది. మేమేం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఉత్తీర్ణతకు కావలసింది 35 కాబట్టి 41 చూసి భయపడకండి. తెలుసుకోవలసిందల్లా మిగతా 59 ఎక్కడ పోయాయని. ఆ జవాబు పత్రాన్ని ఒకసారి ఇంటికి ఇమ్మని ఉపాధ్యాయుణ్ని అడగండి. మార్కులు తల్లిదండ్రులకు చూపిస్తారు గానీ, అవి ఏ ప్రశ్నలో పోయాయో చాలా ఇళ్లలో ఎవరూ చూడరు. మీకు ఇంగ్లిష్ రాకపోయినా, ఏ పేజీలో ఎర్ర సిరా ఎక్కువుందో చూడగలరు. ఈ పని మాత్రం ఈ వారంలోనే చేయండి.

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష ఒకటే పేపరు, వంద మార్కులు. చదివి అర్థం చేసుకోవడానికి 30, వ్యాకరణానికి, పదజాలానికి కలిపి 40, సొంతంగా రాయడానికి 30. సమయం 3 గంటల 15 నిమిషాలు. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే ఇస్తారు. నమూనా ప్రశ్నపత్రాలు ప్రభుత్వ పరీక్షల విభాగం వెబ్‌సైట్‌లో ఉంటాయి. అవి బడిలోనూ దొరుకుతాయి. మీరు కొనిచ్చిన గైడు ఆ 40 మార్కుల్లో ఒక భాగానికే పనికొస్తుంది. చదివి అర్థం చేసుకునే అలవాటు మాత్రం పేపరు మొత్తానికీ అవసరం. వ్యాకరణంలో ఏం మార్చమంటున్నారో, లేఖ ఎవరికి రాయమంటున్నారో అర్థం కాకపోతే వచ్చిన సూత్రం కూడా అక్కరకు రాదు. అందుకే గైడును రోజుకు అరగంటకు పరిమితం చేసి, ముందు చదివించమంటున్నాను.

చదివే విభాగంలో మంచి పిల్లలు కూడా ఒకే తీరుగా మార్కులు పోగొట్టుకుంటారు. ప్రశ్నలోని ఒక మాట పట్టుకుని పేరాలో వెతుకుతారు. ఆ మాట ఏ వాక్యంలో కనిపిస్తే ఆ వాక్యాన్ని ఎత్తి రాసేస్తారు. ఒక పేరాలో ఇలా ఉందనుకోండి: బావి ఎండిపోయింది, రెండుసార్లు పంట పోయింది, రైతు తన ఎద్దులను సంతలో అమ్మేశాడు. 'రైతు ఎద్దులను ఎందుకు అమ్మాడు?' అన్నది ప్రశ్న. అమ్మడం అన్న మాట మూడో వాక్యంలో ఉంది కనుక అమ్మాయి ఆ వాక్యమే రాస్తుంది. జవాబు మాత్రం అంతకు ముందున్న రెండు వాక్యాల్లో ఉంది. ఇలా రాయడానికి కారణం వ్యాకరణం రాకపోవడం కాదు, అర్థం వదిలేసి మాటల వెంట పడటం. ఇంకో పొరపాటు కూడా ఇలాంటిదే. పేరాలో ఎవరో తన కథ 'నేను' అని చెప్పుకుంటే, జవాబులోనూ 'నేను' అనే దించేస్తారు.

ఈ జబ్బుకు మందు మీ దగ్గరే ఉంది. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు పక్కన కూర్చోండి. అమ్మాయి ఒక ఇంగ్లిష్ పేరా పైకి చదవాలి. ఆ తర్వాత పుస్తకం మూసి, అందులో ఏముందో మీకు తెలుగులో చెప్పాలి. మీరు వింటూ ప్రశ్నలు అడగండి. ఎవరు చేశారు, ఎక్కడ, ఎందుకు, తర్వాత ఏమైంది? ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ ఊహించి చెబుతుందో ఏడో తరగతితో ఆపేసిన తల్లికి కూడా ఇట్టే తెలిసిపోతుంది. 'ఎందుకు' అన్న ప్రశ్న దగ్గర నీళ్లు నమిలితే, పుస్తకం తెరిచి ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదవమనండి. ఇంగ్లిష్ రాని పెద్దలు ఇంగ్లిష్ చదువులో ఏ సాయం చేయలేరన్న మాటను నేను ఒప్పుకోను.

ఏ పేరాలు చదివించాలన్నది తర్వాతి ప్రశ్న. ఇంగ్లిష్ వాచకంలో పాఠాలు ఎలాగూ బడిలో అవుతాయి. పరీక్షలో పాఠాల్లోంచి ఇచ్చేవే కాక, ముందు చూడని పేరాలూ ఉంటాయి. పట్టికలు, బొమ్మల రూపంలో సమాచారమూ ఇస్తారు. కాబట్టి వాచకం బయటి పేరాలు కావాలి. దానికి కొత్త పుస్తకాలు కొనకండి. ప్రభుత్వ బడుల్లో ఇచ్చే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇంట్లో ఉంటాయి కదా, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే విషయం తెలుగులో. సాంఘిక శాస్త్రం పుస్తకం తీయండి. తెలుగు పేజీని కాగితంతో కప్పి ఇంగ్లిష్ పేజీలోని ఒక పేరా చదివించండి. తెలుగులో చెప్పించుకున్నాక కాగితం తీసి సరిచూడండి. జవాబు పత్రం దిద్దే మాస్టారు పక్కనే ఉన్నట్టు. పైగా సాంఘిక శాస్త్రం కూడా చదివినట్టవుతుంది. తెలియని ప్రతి మాటకూ నిఘంటువు తెరవనివ్వకండి. మాట కింద గీత గీసి ముందుకు సాగాలి. పేరా అయ్యాక, ఏ మాట తెలియకపోతే అర్థం ఆగిపోయిందో ఆ ఒకటి రెండు మాటలే చూడాలి. ఫోనులో అర్థం వెతకడం మొదలుపెడితే అది ఎక్కడికి పోతుందో మీకు తెలియనిది కాదు.

ఇక వ్యాకరణం. మీ అమ్మాయికి సూత్రాలు వచ్చే ఉంటాయి. సూత్రానికీ వాక్యానికీ మధ్య తెలుగు అడ్డుపడుతోందని నా అనుమానం. తెలుగు వల్ల నష్టమని కాదు. మన వాక్యం ఎలా నడుస్తుందో గమనిస్తే ఇంగ్లిష్ వాక్యం ఎక్కడ వేరుగా నడుస్తుందో తేలిగ్గా పట్టుబడుతుంది. గైడులో ఈ సంగతి ఉండదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

రిపోర్టెడ్ స్పీచ్, అంటే ఒకరు అన్న మాటను మనం తిరిగి చెప్పడం తీసుకోండి. 'రేపు వస్తానని చెప్పాడు' అంటాం. 'అని' చేరిస్తే మనకు పని అయిపోయింది, 'రేపు' అలాగే ఉంటుంది, 'వస్తాను' అలాగే ఉంటుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. 'చెప్పాడు' అని గతంలో ఉంటే లోపలి మాటలు కూడా జరగాలి. 'ఐ' పోయి 'హీ' వస్తుంది, 'విల్' పోయి 'వుడ్' వస్తుంది, 'టుమారో' పోయి 'ద నెక్స్ట్ డే' వస్తుంది. మన పిల్లలు 'హీ' ఒక్కటి మార్చి మిగతా రెండూ వదిలేయడానికి కారణం ఇదే. అలాంటి వాక్యం రాసిన ప్రతిసారీ ఎవరు, ఏ కాలం, ఎప్పుడు అని మూడు చోట్లా వేలు పెట్టి చూసుకోమనండి. సూత్రాల పట్టిక మొత్తం బట్టీ పట్టడం కంటే ఇది నిలుస్తుంది.

పాసివ్ వాయిస్ సంగతీ అంతే. 'చేయబడెను' అంటూ పుస్తకాల్లో నేర్పే తెలుగు ఎవరూ మాట్లాడరు కనుక పిల్లలకు అది అసహజంగా తోస్తుంది. కానీ మనం రోజూ 'కొత్త బడి కట్టారు', 'బస్సు రద్దు చేశారు' అంటాం. ఎవరు కట్టారో, ఎవరు రద్దు చేశారో చెప్పం. ఇంగ్లిష్‌లో పాసివ్ సాధారణంగా వాడేది సరిగ్గా ఇలాంటి చోటే. ఇంటికి దినపత్రిక వస్తే, చేసిందెవరో చెప్పకుండా '-ఆరు'తో ముగిసే వాక్యాలు రోజుకు మూడు ఏరి ఇంగ్లిష్‌లో రాయమనండి.

రెండు వాక్యాలను 'హూ', 'విచ్'తో కలపమనే ప్రశ్నలో తడబాటుకు కారణం వరుస తిరగబడటం. మనం 'నిన్న వచ్చిన అబ్బాయి' అంటాం, వివరం ముందు, మనిషి తర్వాత. అక్కడ మనిషి ముందు, వెనువెంటనే 'హూ', ఆ తర్వాతే వివరం. 'హూ' తన మనిషికి దూరంగా పడితే వాక్యం తప్పు. ఇంతకు మించి ఆ ప్రశ్నలో బరువేమీ లేదు.

'ఎ', 'యాన్', 'ద' అనే ఆర్టికల్స్ మనకు లేవు కనుక అవి రావని చేతులెత్తేస్తారు. 'అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.' మొదటిసారి చెప్పినప్పుడు 'ఒక', ఎవరో తెలిశాక 'ఆ'. చాలా చోట్ల 'ఎ' ఉండేది ఆ 'ఒక' స్థానంలో, 'ద' ఉండేది ఆ 'ఆ' స్థానంలో. అన్నిచోట్లా ఇది సరిపోదు, కానీ సగం ఖాళీలు దీనితోనే నిండుతాయి. 'ఎ' రాయాలా 'యాన్' రాయాలా అన్న సందేహం వస్తే, తర్వాతి మాట పలికినట్టుగా తెలుగు లిపిలో రాసుకోమనండి. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో మొదలైతే 'ఎ'. యూనివర్సిటీ యకారంతో మొదలవుతుంది కనుక 'ఎ'. అవర్‌కు, ఎమ్మెల్యేకు 'యాన్'. ఇంగ్లిష్ అక్షరం చూసి నిర్ణయించుకునే పిల్లలు తప్పేది సరిగ్గా ఇక్కడే. ఉచ్చారణ సరిగా తెలిసి ఉండాలి మరి. యాపిల్‌ను మనం యకారంతో రాసినా ఇంగ్లిష్‌లో అది అచ్చుతోనే మొదలవుతుంది, దానికి 'యాన్'. నిజాయతీ గల అన్న అర్థంలో వాడే ఆనెస్ట్‌ను మనవాళ్లు చాలామంది 'హ' చేర్చి పలుకుతారు.

పదజాలం కోసం రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టే పద్ధతి మానిపించండి. మాటను ఒంటరిగా కాకుండా దాని బంధువులతో కలిపి రాసుకోవాలి. డిసైడ్ కనిపిస్తే పక్కనే డిసిషన్ ఉండాలి, బ్యూటీ కనిపిస్తే బ్యూటిఫుల్ ఉండాలి. మాటకు సరైన రూపం రాయమనే ప్రశ్నకు ఇదే సాధన. చదివిన వాక్యాన్ని కూడా పక్కన రాసుకుంటే అర్థం గుర్తుంటుంది. స్పెల్లింగు విషయంలో మనకు ఒక ఇబ్బంది ఉంది. తెలుగులో విన్నట్టే రాస్తాం, ఇంగ్లిష్‌లో అది సాగదు. దీనికి డిక్టేషన్ తప్ప దారి లేదు. చెప్పేవాళ్లు ఇంట్లో లేరని ఆగిపోకండి. ఈ రోజు చదివిన పేరాలో ఐదు వాక్యాలు అమ్మాయే నెమ్మదిగా చదివి మీ ఫోనులో రికార్డు చేయాలి. రేపు తన గొంతు తానే విని రాయాలి. పుస్తకం తెరిచి తనే దిద్దుకోవాలి. తప్పిన మాటలు మాత్రమే ఒక చిన్న నోటుబుక్కులోకి వెళ్లాలి. పరీక్ష ముందు రోజు తిరగేయవలసింది ఆ నోటుబుక్కునే.

సొంతంగా రాసే భాగం గురించి ఎక్కువ చెప్పను. లేఖ, డైరీ, సంభాషణ, జీవిత చిత్రణ లాంటి రూపాలు బడిలో నేర్పుతారు. గైడులోని వ్యాసాలు బట్టీ పట్టకుండా, వారానికి రెండు సొంతంగా రాసి ఉపాధ్యాయుడితో దిద్దించుకోవాలి. మీ ఊరి చెరువు గురించో, వీధి దీపాలు వెలగడం లేదన్న ఫిర్యాదో రాయనివ్వండి, తెలిసిన విషయమైతే వాక్యం తడబడదు. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. పొడుగు వాక్యం రాస్తే గొప్పగా ఉంటుందన్న భ్రమ చాలా మార్కులు తింటుంది.

స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు ఇప్పుడు వద్దు. చెడ్డదని కాదు. పరీక్ష అడిగేది చదవడం, రాయడం. ఉదయం, సాయంత్రం బడిలో ప్రత్యేక తరగతులు ఉన్న పిల్లకు మిగిలిన గంట అక్కడ ఖర్చయితే ఇంట్లో చదివే సమయం ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో చేర్పించండి, అప్పుడు దాని అవసరం నిజంగా ఉంటుంది. ఎందుకో చెబుతాను. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన ఆంధ్రప్రదేశ్ పాలిసెట్‌లో 120 మార్కులకు లెక్కలు 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. ఇంగ్లిష్ లేదు. దాంతో ఆ పరీక్ష రాసే పిల్లలు ఇంగ్లిష్‌ను వదిలేస్తారు. తీరా డిప్లొమాలో చేరాక పాఠాలూ పుస్తకాలూ ఇంగ్లిష్‌లో ఉంటాయి. లెక్కల్లో మంచి విద్యార్థులు కూడా మొదటి ఏడాది తడబడటానికి ఇది ఒక పెద్ద కారణం. ఇప్పుడు పేరా చదివే అలవాటు చేసుకుంటే అక్కడ ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది.

మీరు అడగకపోయినా మరో సంగతి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశాలు పదో తరగతి మార్కుల ఆధారంగానే జరుగుతాయి. మీ జిల్లా వాళ్లకు ఒంగోలు దగ్గరే కదా. లెక్కల్లో, సైన్సులో డెబ్బై దాటిన అమ్మాయికి ప్రస్తుతానికి అది దూరంగా కనిపించవచ్చు, కానీ ఆ లెక్కలో ఇంగ్లిష్ మార్కుకూ లెక్కల మార్కుకూ ఒకే విలువ. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలకు కూడా పదో తరగతి మార్కులే చూస్తారు. లెక్కలతో పాటు ఇంగ్లిష్‌లోనూ ఉత్తీర్ణులై ఉండాలి. పాలిటెక్నిక్ కోరికను మార్చుకోమనడం లేదు, తలుపులు మూసుకోవద్దంటున్నాను.

ప్రీ ఫైనల్ పరీక్ష అయ్యాక జవాబు పత్రం మళ్లీ తెప్పించుకోండి. సమ్మేటివ్ పత్రం పక్కన పెట్టి, మూడు విభాగాల్లో విడివిడిగా ఎన్ని మార్కులు పెరిగాయో ఒక కాగితం మీద రాసి పంపండి. చదివే విభాగంలో పెరిగి వ్యాకరణంలో పెరగకపోతే ఏం చేయాలో, పాలిసెట్ సాధనకు ఎంత సమయం కేటాయించాలో అప్పుడు ఆ అంకెలు చూసి చెబుతాను.