లెక్కల చదువుకు పర్యాటక రంగంలో పనేముంది?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఆర్టీసీలో ఇరవై రెండేళ్లుగా కండక్టర్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) ఆఖరి సంవత్సరం చదువుతోంది. బ్యాంకు కోచింగ్‌లో చేర్పిస్తానంటే వద్దంటోంది. దేశానికి ఎంతమంది టూరిస్టులు వస్తున్నారో, ఎటు వెళ్తున్నారో లెక్కకట్టే పని చేస్తానంటోంది. టూరిజం అంటే గైడు, హోటలు అనే నేననుకున్నాను. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? దాన్ని నమ్ముకోవచ్చా?

జవాబు: ఉందండీ. పైగా మీ ఇంటికి అది కొత్త పని కూడా కాదు. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు చేతికి రాకముందు స్టేజీ స్టేజీకీ ఎస్సార్ (టికెట్ల లెక్క కాగితం) నింపిన చెయ్యి మీది. ఎక్కడ ఎంతమంది ఎక్కారు, ఎక్కడ దిగారు, ట్రిప్పుకు ఓఆర్ (సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క) ఎంత వచ్చింది అని చూసుకునే కదా డిపోలో ఏ రూటుకు బస్సు పెంచాలో, ఏ రూటులో తగ్గించాలో తేలుస్తారు. మీ అమ్మాయి ఆ పనినే దేశం మొత్తానికి చేయాలనుకుంటోంది. మీ ఉత్తరం చదవగానే నాకు సంతోషం కలిగింది. ఇరవయ్యేళ్ల పిల్ల ఊళ్లు తిరిగొస్తాననకుండా, తిరిగేవాళ్ల లెక్క తేలుస్తానంటే, ఒక పూట కూర్చుని వినదగ్గ మాటే.

ముందు ఆ పని ఎలా సాగుతుందో చెబుతాను. పని తెలిస్తే ఏం చదవాలో మీకే అర్థమవుతుంది.

విదేశీయుల లెక్క విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో, సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర మొదలవుతుంది. కేంద్ర హోంశాఖ కింద ఉండే బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ ఆ వివరాలు నమోదు చేస్తుంది. ఇంతకుముందు విదేశీయులు కాగితం కార్డు నింపి ఇచ్చేవారు. 2025 అక్టోబరు నుంచి ఆన్‌లైన్‌లో ఈ-అరైవల్ కార్డు వచ్చింది. ఏ దేశం, ఎంత వయసు, ఏ పని మీద వచ్చారు అనే సమాచారం అక్కణ్నుంచి పర్యాటక మంత్రిత్వశాఖకు చేరుతుంది. అక్కడి గణాంక విభాగం వాళ్లు నెలల వారీగా, దేశాల వారీగా విడదీసి ప్రచురిస్తారు.

ఆ పట్టికలు చూస్తే మనం అనుకున్నవి కొన్ని తారుమారవుతాయి. 2019లో మన దేశానికి వచ్చిన విదేశీయులు దాదాపు 1 కోటి 9 లక్షల మంది. విదేశీ టూరిస్టు అనగానే మన కళ్ల ముందు మెడలో కెమెరా వేసుకున్న తెల్లవాడు మెదులుతాడు. ఆ ఏడాది మొదటి స్థానం మాత్రం బంగ్లాదేశ్‌ది, 25 లక్షలకు పైగా. అమెరికా 15 లక్షలతో, బ్రిటన్ 10 లక్షలతో తర్వాతి స్థానాల్లో ఉన్నాయి. బంగ్లాదేశ్ నుంచి వచ్చేవారిలో వైద్యం కోసం వచ్చేవాళ్లు గణనీయంగా ఉంటారు. ఈ సంగతి తెలిసిన ఆసుపత్రి బెంగాలీ మాట్లాడే సిబ్బందిని పెట్టుకుంటుంది, విమాన సంస్థ ఢాకాకు సర్వీసు గురించి ఆలోచిస్తుంది. కోవిడ్‌తో ఆ కోటీ తొమ్మిది లక్షలు 2020లో సుమారు 27 లక్షలకు, 2021లో 15 లక్షలకు పడిపోయాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. డాలస్‌లో ఉండే అన్నాచెల్లెళ్లు సంక్రాంతికి ఒకే విమానంలో శంషాబాద్‌లో దిగారనుకోండి. అన్నది ఇంకా గ్రీన్‌కార్డే, చేతిలో భారత పాస్‌పోర్టు. చెల్లెలు అమెరికా పౌరసత్వం తీసుకుంది. ఇద్దరూ ఒకే కారెక్కి, ఒకే ఇంటికి వెళ్లి, ఒకే అమ్మ చేతి అరిసెలు తింటారు. లెక్కలో మాత్రం చెల్లెలు విదేశీ పర్యాటకురాలు, అన్న కాదు. అన్నలాంటి ఎన్ఆర్ఐల రాకను కూడా కలిపి 2014 నుంచి మరో లెక్క కడుతున్నారు. 2019లో ఆ రెండో లెక్క 1 కోటి 79 లక్షలు. రెండూ నిజమే. ఏది దేనికి వాడాలో తెలియనివాళ్లు ఒక ఏడాదిది ఇందులోంచి, ఇంకో ఏడాదిది అందులోంచి తీసుకుని "టూరిజం ఎంత పెరిగిందో" అంటూ రాసేస్తుంటారు. మీ అమ్మాయి కోరుకుంటున్న ఉద్యోగంలో సగం పని, ఆ తప్పు జరగకుండా చూడటమే.

ఎవరిని పర్యాటకుడు అనాలన్నదానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన నిర్వచనం ఉంది. తాను మామూలుగా తిరిగే పరిధి దాటి, ఏడాదిలోపు కాలానికి, అక్కడ జీతానికి చేరే ఉద్దేశం లేకుండా వెళ్లినవారు సందర్శకులు. వాళ్లలో కనీసం ఒక రాత్రి అక్కడ ఉన్నవారే పర్యాటకులు. మీరు డ్యూటీ మీద రోజూ విశాఖ వెళ్లొచ్చినా ఈ లెక్కలోకి రారు. ఇంటిల్లిపాదీ సింహాచలం వెళ్లి, ఒక రాత్రి సత్రంలో ఉంటే వస్తారు.

దేశంలో మనవాళ్లు తిరిగేది లెక్కపెట్టడం దీనికంటే చాలా కష్టం. రాజమహేంద్రవరం నుంచి తిరుపతి వెళ్లడానికి ఎవరూ పాస్‌పోర్టు చూపించరు కదా. హోటళ్లు, లాడ్జీలు, సత్రాలు నెలకోసారి ఇచ్చే వివరాలను రాష్ట్ర పర్యాటక శాఖలు కూడగట్టి ఢిల్లీకి పంపుతాయి. అలా తేలిన సంఖ్య 2019లో సుమారు 232 కోట్లు. దేశ జనాభాకంటే ఎక్కువ. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 23 కోట్లు దాటింది. తప్పుడు లెక్కేమో అనిపిస్తుంది. కానీ అక్కడ లెక్కపెట్టింది రాకల్ని, మనుషుల్ని కాదు. ఐదుగురున్న కుటుంబం విజయవాడలో ఒక రాత్రి, శ్రీశైలంలో ఒక రాత్రి, తిరుపతిలో ఒక రాత్రి బస చేస్తే ఆ ఐదుగురూ పదిహేనవుతారు. అదే కుటుంబం తిరుపతిలో మేనమామగారింట్లో దిగితే ఏ లాడ్జీ పుస్తకంలోనూ కనబడదు. పొద్దున్నే విశాఖలో రైలెక్కి, బొర్రా గుహలు చూసి, అరకులో బొంగు చికెన్ తిని రాత్రికి తిరిగొచ్చేసిన కుర్రాళ్లూ ఆ పుస్తకంలో ఉండరు.

ఆ పుస్తకం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. కొన్నేళ్ల కిందట ఒక పుణ్యక్షేత్రంలో లాడ్జీలో దిగినప్పుడు, నెలాఖరున గుమాస్తా పట్టిక నింపుతున్నాడు. అట్ట ఊడిపోయిన పొడుగాటి రిజిస్టరు. గదికి ఒకరి పేరే, పక్కన ఒకటి ప్లస్ నాలుగు అని రాసి ఉంది. అతను అవి కూడలేదు. కిందటి నెల కాగితం ముందు పెట్టుకుని, ఆ అంకెకు మరో రెండొందలు చేర్చి రాశాడు. అడిగితే, "కార్తీకం కదండీ, ఎక్కువే వచ్చుంటారు" అన్నాడు. అతనికి దురుద్దేశమేమీ లేదు, కౌంటరు ముందు నలుగురు గది కోసం నిలబడి ఉన్నారు. ఆ కాగితం మాత్రం జిల్లాకు, రాజధానికి, ఢిల్లీకి వెళ్తుంది. నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. అంకె వెనక ఇలాంటి కౌంటర్లు ఎన్ని ఉన్నాయో తెలుసుకుని, దాన్ని సరిదిద్దే పద్ధతి కనిపెట్టగలిగినవాళ్లు ఈ దేశానికి చాలా అవసరం.

దానికి ఉన్న ఒక మార్గం ఇంటింటి శాంపిల్ సర్వే. జాతీయ నమూనా సర్వే వాళ్లు 2008–09లో, మళ్లీ 2014–15లో దేశీయ ప్రయాణాల మీద ఇలాంటి సర్వే చేశారు. 2025 జూలై నుంచి ఏడాదిపాటు జరిగేలా మరో విడత పెట్టారు. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి, మనిషి జ్ఞాపకం మీద వాళ్లకున్న పట్టు. విహారానికో వైద్యానికో వెళ్లిన ప్రయాణాలను గడిచిన 365 రోజులకు అడిగారు. చుట్టాలింటికి వెళ్లిరావడం లాంటివి 30 రోజులకే అడిగారు. ఊటీ వెళ్లింది ఏడాదైనా గుర్తుంటుంది, బావమరిది ఇంటికి వెళ్లింది నెల దాటితే మరిచిపోతాం. రాత్రి బస చేసిన ప్రయాణాల్లో చుట్టాలు, శుభకార్యాల కోసం వెళ్లినవే అత్యధికమని ఆ సర్వేలో తేలింది. లాడ్జీ రిజిస్టర్లు ఎప్పటికీ చెప్పలేని సంగతి అది. ఈ సర్వేల ఆధారంగానే టూరిజం శాటిలైట్ అకౌంట్ అనేది తయారుచేసి, దేశ ఆదాయంలో, ఉపాధిలో పర్యాటకం వాటా ఎంతో చెబుతారు. విదేశీయుల ఖర్చు వల్ల వచ్చే ఆదాయానికి రిజర్వ్ బ్యాంకు వివరాలు ఆధారం. 2019లో అది 2,11,661 కోట్ల రూపాయలు.

ధోరణి ఎటు పోతోందో పట్టుకోవడం ఇంకో విద్య. విదేశీయులు మన దగ్గరికి డిసెంబరులో ఎక్కువగా, ఎండాకాలంలో తక్కువగా వస్తారు. కాబట్టి మే నెలను ఏప్రిల్‌తో కాకుండా కిందటి మేతోనే పోల్చాలి. అదీ అన్నిచోట్లా కుదరదు. మేడారం మహాజాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2024 ఫిబ్రవరిని 2023 ఫిబ్రవరితో పోల్చి ములుగు జిల్లాలో పర్యాటకం దూసుకుపోయిందంటే మన పల్లెలో ముసలమ్మ కూడా నవ్వుతుంది. స్థలం తెలిసినవాళ్లు లెక్కల్లో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఎస్తోనియాలాంటి చిన్న దేశంలో మొబైల్ సిగ్నళ్ల సమాచారాన్ని కూడా ప్రయాణాల లెక్కకు వాడుతున్నారు. మన దగ్గర ఒక్కో చేతికి రెండు సిమ్‌లు, ఇంటికి ఒకే ఫోను ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయి కాబట్టి, అది తెచ్చి పెట్టేస్తే సరిపోదు.

ఇక ఉద్యోగాలు. ప్రభుత్వంలో పెద్ద తలుపు యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్ఎస్) పరీక్ష. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు, మీ అమ్మాయికి అర్హత ఉంది. వయసు 21 నుంచి 30, రిజర్వేషన్ ఉంటే సడలింపు. ప్రారంభ మూలవేతనం 56,100 రూపాయలు. పోస్టులు ఏటా పదుల్లోనే ఉంటాయి, పేపర్లు పీజీ స్థాయిలో ఉంటాయి. ఎంపికైనవారిని ఏ మంత్రిత్వశాఖలోనైనా వేయొచ్చు, పర్యాటకమే ఇస్తారన్న హామీ లేదు. రెండోది స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ చదివినవాళ్లకు పెట్టే సీజీఎల్‌ పరీక్ష ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, మూలవేతనం 35,400. ఇంటింటి సర్వేల పని దగ్గర్నుంచి నేర్పే ఉద్యోగం అది. పైకి ఎదగాలనుకునేవాళ్లకు కూడా మొదటి రెండు మూడేళ్లు అక్కడ గడిస్తే మంచిదని నా అభిప్రాయం. రాష్ట్రంలో ఏపీపీఎస్సీ అప్పుడప్పుడు అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు వేస్తుంది. ప్రైవేటులో విమాన సంస్థలు, విమానాశ్రయాలు, పెద్ద హోటళ్లు, ఆన్‌లైన్ టికెట్ల కంపెనీలు డేటా అనలిస్టుల్ని తీసుకుంటాయి. హోటళ్లలో రెవెన్యూ మేనేజ్‌మెంట్ అనే విభాగం ఉంటుంది. ఏ రోజు ఎన్ని గదులు నిండుతాయో అంచనా వేసి అద్దె నిర్ణయిస్తారు. మీ భాషలో చెప్పాలంటే ఓఆర్ చూసి చార్జీ పెట్టడం.

చదువు విషయంలో నా మాట సూటిగా చెబుతాను. టూరిజం డిగ్రీలో చేర్చవద్దు. నెల్లూరులో ఐఐటీటీఎం, హైదరాబాద్‌లో నిథమ్ మంచి సంస్థలే, ప్రయాణ వ్యాపారం నడపాలనుకునేవాళ్లకు పనికొస్తాయి. మీ అమ్మాయి కోరిక వేరు. ఆమెకు కావలసింది ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రవేశాలకు ఇప్పటినుంచే సిద్ధం కావాలి. శాంపిల్ సర్వేలు, టైమ్ సిరీస్ (కాలంతోపాటు అంకెలు మారే తీరు) ఈ రెండు పేపర్లూ నోట్సు బట్టీ పట్టి గట్టెక్కేయకూడదు. ఎక్సెల్ బాగా రావాలి, ఆపైన ఎస్‌క్యూఎల్, పైథాన్. పర్యాటక శాఖ పట్టికలు ఉచితంగానే దొరుకుతాయి, వాటి మీదే సాధన చేయొచ్చు.

బ్యాంకు కోచింగ్ గురించి మీరిద్దరూ గొడవపడక్కర్లేదు. ఆప్టిట్యూడ్, రీజనింగ్, ఇంగ్లిష్ సీజీఎల్‌కూ అవే. పీజీ చేస్తూనే సీజీఎల్ రాయనివ్వండి, పీజీ అయ్యాక ఐఎస్ఎస్‌కు రెండు ప్రయత్నాలు ఇవ్వండి. ఈలోగా ఏదీ కుదరకపోతే అనలిస్టు ఉద్యోగమో, బ్యాంకో ఎటూ ఉంటుంది. స్టాటిస్టిక్స్ పీజీ చేతిలో ఉన్న పిల్ల ఖాళీగా కూర్చోవడం నేనైతే పెద్దగా చూడలేదు.

చివరగా మీ ఊరి సంగతి. 2015 జూలైలో గోదావరి పుష్కరాల తొలిరోజు మీ పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట మీరు మరిచిపోయి ఉండరు. ఏ గంటలో, ఏ ఘాట్‌కు, ఎటువైపు నుంచి ఎంతమంది వస్తారన్న అంచనా ఎంత విలువైనదో మీ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పుష్కరాలు మళ్లీ 2027లో. ఈలోపు ఒక ఆదివారం పొద్దున్నే మీరూ మీ అమ్మాయీ కోటిలింగాల ఘాట్‌కు వెళ్లండి. ఆమె ఒక మెట్ల దారి దగ్గర, మీరు ఆమెకు కనబడనంత దూరంలో అదే దారిని చూస్తూ కూర్చోండి. పదిహేను నిమిషాలకోసారి, రెండు గంటలపాటు, దిగేవాళ్లను విడివిడిగా లెక్కపెట్టండి. చంకలో పిల్లల్ని లెక్కలో వేయాలా, చెప్పులకోసం మళ్లీ పైకెక్కి దిగినవాళ్లను రెండుసార్లు వేయాలా అన్నది ముందే మాట్లాడుకోకండి. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, తేడా ఎక్కడెక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఆమెను ఒక పేజీ రాయమనండి. ఆ పేజీ నాకు పంపించండి, చదివి తప్పకుండా జవాబు రాస్తాను.