పాత వెర్షన్‌కి ఎంతకాలం సపోర్ట్ ఇవ్వాలి?

తమ్ముడూ,

నీ లైబ్రరీ (వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే నీ కోడ్) కొత్త వెర్షన్ 2.0 వచ్చి ఏడాది దాటినా ఇష్యూలన్నీ, అంటే వాడేవాళ్ల ఫిర్యాదులన్నీ, పాత 1.4 మీదే వస్తున్నాయని రాశావు. ఆఫీసు పని ముగించుకుని రాత్రిళ్లు వాటికే జవాబులు రాస్తున్నావట. "పాతది వాడకండి" అని ఒక్క మాటతో మూసేయనా అని అడిగావు. అలా మూసేయొద్దు. అలాగని ప్రతి పాత వెర్షన్ భారమూ నీ ఒక్కడిదే అనీ అనుకోవద్దు.

పాతది వాడేవాళ్లలో చాలామంది బద్ధకస్తులు కారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటైన డెబియన్‌లో నిలకడైన విడుదలని, అంటే డెబియన్ స్టేబుల్‌నే చూడు. కొత్త విడుదల దాదాపు రెండేళ్లకోసారి వస్తుంది, ఈలోపు అందులోని చాలా ప్యాకేజీల వెర్షన్లు మారవు. భద్రతా లోపం బయటపడితే ఆ సవరణ ఒక్కటే తీసుకుని పాత కోడ్‌లో కలుపుతారు. అంటే పైకి కనిపించే నంబరు పాతదే అయినా లోపల రంధ్రం పూడ్చేసి ఉండవచ్చు. అందుకే ఇష్యూ ఫారంలో ముందుగా "ఎక్కడినుంచి ఇన్‌స్టాల్ చేశారు?" అన్న ప్రశ్న పెట్టు. డెబియన్‌లాంటి డిస్ట్రో (సాఫ్ట్‌వేర్లన్నీ కూర్చి ఇచ్చే లినక్స్ సిస్టమ్) నుంచి అయితే మొదట ఆ డిస్ట్రో బగ్ ట్రాకర్‌కి వెళ్లమని మర్యాదగా చెప్పు. నీకు వచ్చే వాటిలో కొన్ని అక్కడే తేలిపోతాయి.

2016లో లినక్స్‌లో వాడే స్క్రీన్‌సేవర్ ప్రోగ్రామ్ ఎక్స్‌స్క్రీన్‌సేవర్ విషయంలో పెద్ద రగడ జరిగింది. పాత వెర్షన్ల మీద వచ్చే బగ్ రిపోర్టులతో దాని రచయిత జేమీ జవిన్‌స్కీ విసిగిపోయి, ఈ వెర్షన్ చాలా పాతది అన్న హెచ్చరిక ప్రోగ్రామ్‌లోనే పెట్టాడు. డెబియన్ వాడేవాళ్లకి అది కనిపించేసరికి వాదన ముదిరింది. ఆయన అలసట నాకు పూర్తిగా అర్థమవుతుంది. కానీ ఆ హెచ్చరిక చూసిన మామూలు మనిషి ఏం చేయగలడు? విసుగు నీకు వచ్చినప్పుడు దాన్ని కోడ్‌లోకి ఎక్కించకు, రీడ్‌మీలో (కోడ్‌తో పాటు ఇచ్చే పరిచయ ఫైల్లో) సపోర్ట్ ఆగిపోయే తేదీగా రాయి.

ఆ తేదీ విషయమే నేను గట్టిగా చెప్పాలనుకున్నది. ఎవరు అడిగితే వాళ్లకి, ఆ రోజు నీకున్న ఓపికను బట్టి సాయం చేస్తూ పోతే నువ్వూ అలిసిపోతావు, వాళ్లూ ఏ ప్లానూ వేసుకోలేరు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాళ్లు ప్రతి ప్రధాన వెర్షన్‌కీ ఐదేళ్లు అని ముందే చెప్పేస్తారు. 2019 అక్టోబరులో వచ్చిన వెర్షన్ 12కి 2024 నవంబరులో చివరి విడుదల ఇచ్చి ఆపేశారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 2.7 వెర్షన్‌కి మొదట 2015 అన్నారు, జనం ఇంకా మారలేకపోతున్నారని 2014లోనే గడువును 2020కి పెంచారు, ఆ తర్వాత ఆ మాట మీద నిలబడ్డారు. కారణం ఉంటే నువ్వూ ఒకసారి పెంచు. గడువు దగ్గర పడ్డాక కాదు, చాలా ముందుగా చెప్పి పెంచు. నీ ఒక్కడి లైబ్రరీకి ఐదేళ్లు అక్కర్లేదు, 2.0 వచ్చిన నాటినుంచి పద్దెనిమిది నెలలు చాలు.

ఆ గడువులో కూడా 1.4 బ్రాంచ్‌లోకి (ఆ వెర్షన్ కోసం విడిగా ఉంచే కోడ్ శాఖలోకి) భద్రతా సవరణలు, డేటా పోయే బగ్‌ల సవరణలు తప్ప ఇంకేవీ రానివ్వకు. "చిన్న ఫీచరే కదా" అని ఎవరైనా ప్యాచ్ పంపినా వద్దను. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్ సంభాషణలను గుప్తంగా ఉంచే లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.1లో ఆ లోపం ఉంది, అంతకన్నా పాతదైన 0.9.8లో లేదు. ఎందుకంటే ఆ లోపం దాగిన ఫీచరే పాతదానిలో లేదు. సవరణ ముందు మెయిన్ బ్రాంచ్‌లో చేసి, తర్వాత గిట్‌లో చెర్రీ-పిక్ చేసేటప్పుడు (ఆ ఒక్క మార్పునే పాత బ్రాంచ్‌లోకి తెచ్చేటప్పుడు) మైనస్ ఎక్స్ (-x) పెట్టు, అసలు కమిట్ ఏదో మెసేజ్‌లో నమోదవుతుంది. పాత బ్రాంచ్ టెస్టులు నెలకోసారైనా ఆటోమేటిక్‌గా నడిచేలా చూడు. అవసరం పడిన రోజున బిల్డే కాకపోతే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు.

ఇక "మా ప్రొడక్షన్ ఆగిపోయింది, సోమవారంలోగా సరిచేయండి" అని రాసే కంపెనీలు. గడువు దాటాక వాళ్లకి ధర చెప్పు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. డెబియన్‌లోనే మూడేళ్ల తర్వాత ఐదేళ్లు నిండేదాకా వేరే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) బృందం చూసుకుంటుంది, ఆ పనిలో చాలా భాగానికి కంపెనీలు డబ్బు కడతాయి. ధర నచ్చకపోతే కోడ్ వాళ్ల దగ్గరే ఉంది, సరిచేసుకునే హక్కు లైసెన్స్ ఇచ్చింది. అదే లైసెన్స్‌లో ఏ హామీ లేకుండా ఇస్తున్నామని కూడా రాసి ఉంది. కానీ పాత మెషీన్ల మీద నడిచే కాలేజీ ల్యాబ్ నుంచి ఎవరైనా అడిగితే, సవరణ చేయలేకపోయినా 2.0కి ఎలా మారాలో వివరంగా రాసి పంపు. ఆ జవాబునే మైగ్రేషన్ గైడ్‌గా పెట్టేయి.

ఈ ఆదివారం రీడ్‌మీలో తేదీ రాసి, పబ్లిష్ చేసే ముందు నాకు పంపు. మాటలు కటువుగా ఉన్నాయేమో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ అన్నయ్య