సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ కావడానికి ఎన్నేళ్ళ అనుభవం కావాలి?

పదేళ్ళా, పన్నెండేళ్ళా అని అడిగారు. మీ చేతుల మీదుగా ఎన్నిసార్లు సిస్టం పడిపోయిందో ముందు చెప్పండి, తర్వాత ఏళ్ళ సంగతి చూద్దాం.

నాకు ఆరేళ్ళ సర్వీసున్నప్పుడు హైదరాబాద్‌లో బస్సు టికెట్లు అమ్మే కంపెనీలో ఉండేవాణ్ణి. సంక్రాంతి రద్దీ. రాత్రి ఎనిమిదింటికి రాజమండ్రి సీట్ల కోసం జనం ఎగబడేసరికి సైటు నత్తనడక. నేనేమో అప్పుడే క్లౌడ్ సర్టిఫికెట్ పాసయ్యాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, 8 సర్వర్లని 16 చేసేశాను.

రెండు నిమిషాల్లో ఫోన్లు మొదలు. డబ్బు కట్టయింది, టికెట్ రాలేదని. సర్వర్ రాసుకునే లాగ్ నిండా ఒకటే లైను: ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ.’

మా టీం లీడ్ పెరుగన్నం చేత్తోనే వచ్చి చూసి, “కొత్తవన్నీ ఆపెయ్” అన్నాడు.

“ఇంత లోడులో ఆపడమేంటి సార్?”

“పదహారు పదులెంత?”

ఒక్కో జావా సర్వరూ డేటాబేస్‌కి 10 కనెక్షన్లు తెరిచి, హికారీ పూల్ అనే తన నిల్వలో పట్టుకుంటుంది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఒకేసారి ఎన్ని కనెక్షన్లకి చోటివ్వాలో చెప్పే మాక్స్ కనెక్షన్స్ సెట్టింగ్ ఎవరూ ముట్టుకోలేదు, అంటే దానంతట అది ఉండే 100. ఎనిమిది సర్వర్లకి 80 చాలు. నేను పెంచినవి మిగతా చోటంతా ఆక్రమించేశాయి. పేమెంట్ కన్ఫర్మ్ చేసే ప్రోగ్రాం ఎప్పటికప్పుడు కొత్త కనెక్షన్ అడిగేది, దానికి నిలబడ్డానికీ చోటు లేదు. ఆ 10, ఆ 100 నాకు తెలియనివి కావు, ఇంటర్వ్యూలో అడిగితే గడగడా చెప్పేవాణ్ణి. గుణించి చూడాలని మాత్రం తట్టలేదు. ఇంతకీ సైటు నెమ్మదించింది సీట్ల టేబుల్ మీద ఒక ఇండెక్స్, అంటే కావలసిన వరస త్వరగా వెతికిపెట్టే సూచిక, లేక. అది పెట్టడానికి పావుగంట పట్టింది. రిఫండ్లకి వారం.

ఇప్పుడు ఏ డిజైన్ చూసినా నా చెయ్యి ముందు గుణకారానికే పోతుంది. ఇది కోర్సులో రాదు. మీరు ఏ అమీర్‌పేట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినా అంతే.

ఇంకో బాధేంటంటే, జీతం పెంచాలంటే పైన హోదా ఖాళీ లేదని ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టేస్తున్నారు. వాళ్ళు డబ్బాలు, బాణాలు గీసి వెళ్ళిపోతారు, సిస్టం పడిపోతే రాత్రి ఫోన్ మోగేది మాత్రం మొన్న చేరిన పిల్లాడికి. గీసినవాడికే మోగాలని నేను రెండు కంపెనీల్లో పోట్లాడాను, ఒకచోట మాత్రమే ఒప్పుకున్నారు.

ఇక బంధువులతో వేరే గోల. తణుకులో ఇల్లు కట్టుకుంటూ మా పెదనాన్న ప్లాన్ గీసిపెట్టమన్నాడు. నాకు రాదంటే నమ్మడే! ఈశాన్యంలో ఏం పెట్టకూడదో కూడా తెలీకుండా అంత జీతం ఎలా ఇస్తున్నార్రా అని పెళ్ళిలో అందరి ముందూ అడిగాడు.